పసుపు ట్యాగు కట్టిన మదర్‌బోర్డు

మా బావతో ఎప్పుడూ అనకూడని మాట ఒకటుంది. "ఒకసారి చూడు బావా" అన్న మాట. మా అక్కకి పెళ్లయి ముప్పై ఏళ్లు దాటింది, పొరపాటున కూడా ఆ మాట అనదు. బజారు నుంచి బీరకాయలు తెచ్చిందంటే సంచీ చీర చాటున పెట్టుకుని తిన్నగా వంటింట్లోకి పోతుంది. నేను మాత్రం ఆ సోమవారం పొద్దున్న, కొత్త మదర్‌బోర్డు పెట్టె చేతికి వచ్చిన సంబరంలో, బుద్ధి గడ్డి తిని అనేశాను.

మా బావ స్టీల్ ప్లాంటులో ఇన్‌స్పెక్షన్ విభాగంలో పనిచేసి పోయిన ఏడాదే రిటైరయ్యాడు. గేటు దాటి లోపలికొచ్చే సరుకు, బోల్టయినా మోటారయినా, ఆయన చూడందే వాడకూడదు. రాగానే పసుపు ట్యాగు కడతారు. అంటే ఇంకా చూడలేదు, ముట్టుకోవద్దు అని. చూశాక బాగుంటే ఆకుపచ్చది, బాగోకపోతే ఎర్రది. చూడమని ఆయన్ని పిలవడాన్ని "కాల్ ఇవ్వడం" అంటారు. కాల్ ఇచ్చాక ఆ సరుకు పిలిచినవాడిది కాదు, బావ సంతకం పడేదాకా బావదే. అంత వైభవం వెలగబెట్టిన మనిషికి ఏడాదిగా చూడటానికి ఏమీ లేదు. ఇంటికొచ్చిన గ్యాస్ సిలిండరు తూకం చూస్తానంటే అది తెచ్చే కుర్రాళ్లు ఆయన్ని తప్పించుకుని తిరుగుతున్నారు.

ఇక ఆ బోర్డు సంగతి. అది నాకు ఆటవస్తువు కాదు. ఇనుప షెడ్లు, పెద్ద పెద్ద కన్వేయర్ల కట్టడాలు కంప్యూటర్లో ముందుగా కట్టి చూపించడం నా పని. ఏ దూలం ఎక్కడ కూర్చుంటుంది, ఎన్ని బోల్టులు పడతాయి, అన్నీ అందులోనే తేలాలి. మద్దిలపాలెంలో మా ఆఫీసు మూసేసి రెండేళ్లయింది. అప్పటినుంచి దువ్వాడలో మా ఇంట్లో కూర్చుని అందరికీ అర్జీలు పెడుతున్నాను. పోయిన నెల ఒక కంపెనీవాళ్లు నా స్క్రీను చూస్తూ పరీక్ష పెట్టారు. అరగంట తిరక్కుండా నా పాత కంప్యూటరు బిగుసుకుపోయింది. "మీ వైపు ఏదో ఆగిపోయినట్టుంది మేడమ్" అన్నాడు అవతలి పెద్దమనిషి, మర్యాదగానే. ఆ మర్యాదకి నాకు ఏడుపొచ్చింది. ఏమనుకున్నాడో గానీ ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. శనివారం పొద్దున్న పది గంటలకి, రెండు గంటల పని. మూడోసారి ఉండదని ముందే చెప్పాడు.

అందుకే నేనే సొంతంగా కంప్యూటరు బిగించుకుందామని కూర్చున్నాను. మూడు వారాలు మదర్‌బోర్డుల మీదే పడి బతికాను. మిగతా భాగాలన్నీ దాని మీద కూర్చునేవే, అది గట్టిదైతేనే మిగతావి నిలబడతాయి. ఫోనులో బోర్డుల గురించి చెప్పే కుర్రాళ్లందరినీ విన్నాను. ఒకడు కరెంటు అందించే భాగాలు లెక్కపెడతాడు, ఒకడు వేడి పీల్చే అల్యూమినియం దిమ్మల్ని పొగుడుతాడు, ఇంకొకడు పెట్టె మూత తీస్తూనే పరవశించిపోతాడు. చివరికి ఒక ఖరీదైన బోర్డు తెప్పించాను. మెమొరీ ఎక్కువ పడుతుంది, గంటల తరబడి బరువు పని చేసినా నీరసించదు, పైగా ఒక మూల రెండంకెల చిన్న ఎర్రదీపాల తెర ఉంటుంది. కంప్యూటరు నడుస్తున్నంతసేపూ ప్రాసెసరు వేడి ఎంతో అది చూపిస్తుంది.

మా బావ కళ్లజోడు సర్దుకుని పెట్టెని నాలుగు వైపులా తిప్పాడు. నన్ను మంచినీళ్లు అడిగాడు. తాగి, పక్క వీధిలోనే ఉన్న వాళ్లింటికి వెళ్లి, నల్ల రెక్సిన్ సంచీతో తిరిగొచ్చాడు. ఆ సంచీ ఏడాదిగా వాళ్ల మంచం కింద ఉంది. అందులోంచి పసుపు ట్యాగు తీసి, తేదీ వేసి, సంతకం పెట్టి, బోర్డు మూలనున్న స్క్రూ కన్నంలోంచి దారం దూర్చి ముడేశాడు. బిగించడం రేపటినుంచి మొదలెడతానని నేను చెబుతూనే ఉన్నాను.

"ఏటే పిల్లా, నువ్వే గదా కాల్ ఇచ్చావు," అన్నాడు. "నాను సూడకుండా ముట్టుకున్నావంటే అది నీ పూచీ."

నవ్వేసి ఊరుకున్నాను. ఒక పూట ముచ్చట తీర్చుకుని పోతాడులే అనుకున్నాను. మా ఆయనకి ఫోను చేసి చెబితే, పోర్టులో క్రేను మీద ఉన్నాడు కాబోలు, "ఎందుకు చెప్పావు" అని మాత్రం అన్నాడు.

మంగళవారం పొద్దున్నే వచ్చేశాడు బావ. ముందు కిటికీ ఇనుప ఊచ పట్టుకుని ఒంటికి పట్టే సన్నటి కరెంటు బోర్డుకి తగలకుండా వదిలించుకున్నాడు. ఆ జాగ్రత్త చూసి నాకు కాస్త ధైర్యం వచ్చింది. తర్వాత వెర్నియరుతో బోర్డు మందం కొలిచాడు. మూల మూలకీ కొలిచాడు. అల్యూమినియం దిమ్మలకి అయస్కాంతం ఆనించి, అంటుకోలేదని రాసుకున్నాడు. ఆ దిమ్మలు రెక్కలు విప్పిన గద్ద ఆకారంలో ఉన్నాయి. గద్ద దేనికని అడిగాడు. అందానికి అన్నాను. డ్రాయింగులో లేనిది సరుకులో ఉంటే ఎలాగని తన కాగితం మీద ఒక గీత గీశాడు. బోర్డు అంచున రంగురంగుల దీపాలుంటాయని చెప్పకుండా దాచాను గానీ అది పెట్టె మీదే రాసుంది. ఆటలకి తయారుచేసిన బోర్డనీ రాసుంది. ఉద్యోగం కోసం కొని ఆటల సామాను తెచ్చుకున్నందుకు నన్ను అదోలా చూశాడు.

అసలు కష్టం మిలట్రీ దగ్గరొచ్చింది. భాగాలన్నీ మిలట్రీ గ్రేడువని పెట్టె మీద బంగారు అక్షరాల్లో ఉంది. ఏ దేశపు మిలట్రీ, ఏ గ్రేడు, సర్టిఫికెట్ నంబరెంత అని బావ అడిగాడు. అది ఊరికే అలా వేసుకుంటారు బావా అన్నాను. ముప్పై ఏళ్ల సర్వీసులో ఊరికే వేసుకున్న మాటని ఆయన ఒప్పుకున్న దాఖలా లేదు. కంపెనీ వాళ్ల సహాయ కేంద్రానికి నా ఫోనులోంచే పెద్ద ఉత్తరం రాశాడు, అల్యూమినియం ఏ విడత కరిగించి పోశారో ఆ విడత నంబరు పంపమని. ఐదు నిమిషాల్లో జవాబొచ్చింది. కంప్యూటరు ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయమన్నారు. బావ ఆ జవాబుని రెండుసార్లు చదివి, ఇది జవాబు కాదని దాని కిందే రాసి పంపాడు.

ప్రాసెసరు కూర్చునే గూడులో వెంట్రుకంత సన్నటి పిన్నులుంటాయి. పదిహేడు వందల పద్దెనిమిది. ఆ అంకె కాగితం మీద కనబడటమే నా కొంప ముంచింది. భూతద్దం, టార్చి లైటు పట్టుకుని, ముట్టుకోకుండా, మధ్యాహ్నం భోజనం కూడా మా ఇంట్లోనే చేసి, మూడుసార్లు లెక్కపెట్టాడు. మొదటిసారి పదిహేడు వందల పదహారు వచ్చాయి. రెండోసారి పదిహేడు వందల ఇరవై ఒకటి. మూడోసారి పదిహేడు వందల పదిహేడు. నేను తల పట్టుకున్నాను. ఆయన మాత్రం ఏమాత్రం చలించకుండా మూడూ కూడి, మూడుతో భాగించి, కాగితం నా ముందు పెట్టాడు. సగటు సరిగ్గా పదిహేడు వందల పద్దెనిమిది. గూడు పాసయింది.

బుధవారం నాటికి నా నవ్వు ఆరిపోయింది. ఇంక మూడు రోజులే ఉన్నాయి, బిగించి, అన్నీ ఎక్కించి, ఒకసారి నడిపి చూసుకోవాలి. ఆయన్ని కూర్చోబెట్టి, శనివారం పది గంటల సంగతి మళ్లీ మొదటినుంచి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. అంతా విని, ఇంకా శాంపిల్ పరీక్ష మిగిలిందన్నాడు. ఒకేసారి వచ్చిన సరుకు లాటులో ఒకదాన్ని విరగ్గొట్టి చూడాలట, ఎంత బరువుకి విరుగుతుందో.

"బావా, లాటులో ఉన్నది ఒక్కటే," అన్నాను.

"అదే నానూ సూత్తన్నాను," అన్నాడు నిజంగానే బాధపడుతూ. "ఇరగ్గొట్టకపోతే మంచిదో కాదో తెల్దు. ఇరగ్గొడితే మంచిదైనా ఉండదు. ఏటి సెయ్యాల?"

నా జన్మలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. నీ శాంపిలూ వద్దు, నువ్వూ వద్దు, ట్యాగు విప్పెయ్ అని అరిచాను. అరిచానని తెలిసింది గానీ ఆపుకోలేకపోయాను. ఆయన బోర్డు వంక చూసి, పోనీ బోర్డు బదులు దాంతోపాటు వచ్చిన సామాన్లలో వాడితే అయిపోయేది ఏదైనా ఉంటే శాంపిల్‌గా ఇమ్మన్నాడు. అంత దిగొచ్చినందుకు నాకు సిగ్గేసింది. ఫ్యానుతో పాటు వచ్చిన చిన్న గొట్టం ఇచ్చాను. అందులో బూడిద రంగు పేస్టుంటుంది. ప్రాసెసరుకీ దాని మీద కూర్చునే ఫ్యాను దిమ్మకీ మధ్య పూస్తే వేడి బయటికి లాగుతుంది. కొంచెమే తీసుకో బావా అని పదిసార్లు చెప్పాను.

గురువారం మా అక్క ఫోను చేసింది. అట్ల పెనం మీద బూడిద రంగు లేహ్యం పూసి, పొయ్యి మీద పెట్టి, పక్కన గడియారం పట్టుకుని కూర్చున్నాడట మీ బావ. అది తోమితే పోవట్లేదట. ఇంక ఆ పెనం మీద అట్టు వేస్తే ఎవరు తింటారని అడిగింది. వాళ్లిద్దరి మధ్యా జరిగిన మాటలు విని నేను కడుపుబ్బ నవ్వాను. ఆ నవ్వులో అడగవలసిన మాట ఒకటి మరిచిపోయాను.

శుక్రవారమంతా బావ బోర్డు తన దగ్గరే పెట్టుకుని రిపోర్టు రాస్తూ కూర్చున్నాడు. శనివారం పొద్దున్న ఎనిమిదింటికి అక్కని కూడా వెంటబెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆకుపచ్చ ట్యాగు ఇస్తాడనుకున్నాను. ఇవ్వలేదు. మిలట్రీ సర్టిఫికెట్ రాలేదు, గద్దకి కారణం లేదు, అందుకని ఆకుపచ్చది ఇవ్వడానికి మనసొప్పలేదట. పసుపు ట్యాగు మీదే ఎర్ర పెన్సిలుతో "లోపాలున్నను వాడుకొనవచ్చును" అని రాసి సంతకం పెట్టాడు. బోర్డు నా చేతికి రెండు చేతులతో అందించాడు.

గబగబా ప్రాసెసరు గూట్లో పెట్టాను, మెమొరీ గుచ్చాను, బావ తిరిగి తెచ్చిన పేస్టు గొట్టం తీసి నొక్కాను. గాలి వచ్చింది. మళ్లీ నొక్కాను. గొట్టాన్ని చుట్ట చుట్టి, పంటితో కొరికి మరీ నొక్కాను. మా బావ అప్పుడు చెప్పాడు, శాంపిల్ కనీసం ఇన్ని గ్రాములుండాలని రూలు అని.

అప్పటికి టైము ఎనిమిదిన్నర. మద్దిలపాలెంలో కంప్యూటర్ సామాన్ల కొట్లు తీసేది పదిన్నర తర్వాత. పాతవూరిలో రిపేర్లు చేసే భాయ్‌కి ఫోను చేశాను. ఆయన పెళ్లికి అనకాపల్లి వెళ్లాడు. టూత్‌పేస్టుతో ఒక గంట నెట్టుకురావచ్చని మాత్రం చెప్పాడు, తర్వాత ఎండిపోతుందమ్మా, నా పేరు చెప్పకండి అన్నాడు. నేను మా గదిలోకి వెళ్లి గోడకేసి తిరిగి ఏడ్చాను. రెండేళ్లు ఆగి, మూడు వారాలు వెతికి, చివరికి ఒక చిటికెడు పేస్టు లేక ఉద్యోగం పోతోందంటే నవ్వే వాళ్లకి నవ్వొస్తుందేమో గానీ, నాకు రాలేదు.

నేను బయటికొచ్చేసరికి మా అక్క దేవుడి మూలలో సాన ముందు కూర్చుని గంధం తీస్తోంది. సింహాచలం గంధం. చందనోత్సవం నాడు స్వామి ఒంటి మీదనుంచి తీసినది. ఏటేటా ఆవిడ కొండెక్కి తెచ్చి, ఒక ముద్ద నాకూ ఇస్తుంది. అది నీళ్లతో రంగరిస్తోంది.

"అక్కా, అది కరెంటు సామాను," అన్నాను.

"ఒలే, ఏడాది పొడుగునా స్వామి వేడే ఆపుతాది," అంది తలెత్తకుండా. "నీ పెట్టె వేడి ఎంతే?"

నేను మా బావ వైపు చూశాను. దాదాపు వారం రోజులు నా బోర్డుని చిత్రవధ చేసిన మనిషి, అక్క వేలి మీదనుంచి చిటికెడు గంధం తీసుకుని బొటనవేలితో రాచి చూశాడు. ఇసుక పలుకు లేదు అన్నాడు. మరి ట్యాగు కట్టవా అని అడిగాను, కోపంగానే.

"సింహాచలం మెటీరియల్‌కి ఇన్‌స్పెక్షన్ ఏటే," అన్నాడు.

పూశాను. తడి అంచులు దాటకుండా పత్తితో తుడిచి, ఫ్యాను దిమ్మ బిగించి, బోర్డుని కంప్యూటరు పెట్టెలో కూర్చోబెట్టి, నా ప్రోగ్రాములన్నీ ఉన్న పాత డిస్కు తగిలించాను. అక్క పెట్టె బయట కుంకుమ బొట్టు పెట్టింది. స్విచ్చి వేశాను. బోర్డు మూలనున్న చిన్న తెర మీద ఏవేవో అంకెలు పరుగెత్తి, ఆగి, నలభై ఎనిమిది దగ్గర నిలబడ్డాయి. గది నిండా గంధం వాసన. రంగుదీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. అక్క చెంపలు వేసుకుంది.

పది గంటలకి పెద్దమనిషి స్క్రీను మీదికి వచ్చాడు. పోర్టుకి బొగ్గు మోసే కన్వేయరు కట్టడం ఇచ్చాడు. బ్రహ్మాండమైనది. అది తెరుచుకుంటుంటే నేను ఊపిరి బిగబట్టాను. తెరుచుకుంది. పని మొదలుపెట్టాను. మా బావ బల్ల పక్కన ముక్కాలిపీట వేసుకుని, పెట్టె తలుపు తీసి, ఆ ఎర్ర అంకెల ముందు కూర్చున్నాడు. ప్లాంటులో మోటార్లు పరీక్షకి పెట్టి ఎన్ని పగళ్లు అలా కూర్చున్నాడో ఏమో. అరవై రెండు. డెబ్భై. గొంతు తగ్గించి నిమిషానికొకసారి చెబుతూనే ఉన్నాడు.

పావుగంటకి నా చెవి దగ్గరికి వంగి, "బరువు పని ముందు సేసీ, తడున్నప్పుడే," అన్నాడు. "తేలికది తర్వాత."

అది నాకు తట్టలేదు. దూలాలు కలిసే పెద్ద అతుకులన్నీ ముందుకి తెచ్చాను, చిన్నవి చివరికి తోశాను. చేయి తనంతట తాను పోతోంది. రెండేళ్లుగా ఎక్కడో పోయిందనుకున్న చెయ్యి. గంట దాటేసరికి ఎనభై ఆరు. గంధం ఆరిపోతోంది. తొంభై. తొంభై అయిదుకి చేరితే ప్రాసెసరు భయపడి తనంతట తాను నెమ్మదిస్తుంది, అప్పుడు స్క్రీను నత్తనడకే. తొంభై మూడు అని వినబడగానే బావ నా మోచేయి మీద వేలితో తట్టాడు. ఆపు, మాట్లాడు అన్నట్టు నోరు ఆడించాడు. నేను మౌసు వదిలేసి, ఇక్కడ బోల్టులు ఇలా ఎందుకు పెట్టానో చెప్పమంటారా సార్ అని మొదలుపెట్టి, అడగనివన్నీ చెప్పాను. తుప్పు గురించి, సముద్రపు గాలి గురించి కూడా చెప్పాను. ఎనభై ఏడుకి దిగింది. మళ్లీ పని. మళ్లీ తొంభై మూడు. మళ్లీ మాటలు. అలా నాలుగుసార్లు.

పన్నెండుకి నాలుగు నిమిషాలుండగా అంతా అయిపోయింది. వెనకనుంచి తొంభై రెండు అని వినబడింది. ఇంక బావకి గొంతు తగ్గించాలన్న ధ్యాస పోయింది.

పొద్దుటినుంచీ ఆ అంకెలు చెబుతున్నది ఎవరు మేడమ్ అని అడిగాడు పెద్దమనిషి.

నాకు అబద్ధం చటుక్కున రాలేదు. "మా ఇన్‌స్పెక్షన్ డిపార్టుమెంటు సార్," అన్నాను.

ఆయన నవ్వలేదు. ఇంట్లోంచి పనిచేసేవాళ్ల డ్రాయింగులతో తనకున్న బాధే అదని చెప్పాడు. గీసేవాళ్లు బోలెడుమంది, చూసేవాళ్లు ఎవరూ ఉండరు, కింద "తనిఖీ చేసినవారు" అన్న గడి ఎప్పుడూ ఖాళీగానే వస్తుందని, ఖాళీ గడి ఉన్న కాగితం సైటు మీదికి పంపలేనని. ఆ గడిలో సంతకం పెట్టే మనిషి నాకుంటే పని సోమవారం నుంచే ఇస్తానన్నాడు. నేను పక్కకి చూశాను. బావ కూడా విన్నాడు. విననట్టు అంకెల వంకే చూస్తూ, ఇస్త్రీ చొక్కా కాలరు సర్దుకున్నాడు.

సోమవారం పొద్దున్నే కొత్త పేస్టు తెచ్చి, గంధం తుడిచి, మళ్లీ బిగించాను. ఇప్పటికీ బరువైన కట్టడం ఏదైనా తెరిస్తే ఫ్యాను లోపలినుంచి సన్నగా సింహాచలం వాసన వస్తుంది. ఆ సోమవారం సాయంత్రానికి మొదటి డ్రాయింగు పూర్తిచేశాను. రెండేళ్ల తర్వాత గీసిన మొదటి డ్రాయింగు. ప్రింటు తీసి, ఎంత ముచ్చటగా ఉందో నాలుగుసార్లు చూసుకుని, పక్క వీధికి పట్టుకెళ్లాను. కాల్ ఇచ్చాను.

మర్నాడు పొద్దున్న తలుపు తీస్తే నా డ్రాయింగు గొళ్లేనికి వేలాడుతోంది, గుండ్రంగా చుట్టి, దారం కట్టి. ఎర్ర ట్యాగు. మూడో అతుకు దగ్గర బోల్టు పెట్టాను గానీ, దాన్ని బిగించడానికి రెంచి పట్టే చోటు వదల్లేదని, పక్కన మనిషి చెయ్యి బొమ్మ గీసి మరీ చూపించాడు. తిట్టుకుంటూ చాలాసేపు చూశాను. ఆయన చెప్పింది నిజమే. అక్కడ చెయ్యి పట్టదు.

రెండేళ్లు నన్ను ఎవరూ తప్పు పట్టలేదు. పట్టడానికి నా దగ్గర పని ఉంటే గదా. ఆ ట్యాగు విప్పి బల్ల సొరుగులో దాచుకుని, మూడో అతుకు మళ్లీ గీయడానికి కూర్చున్నాను.